ఇన్వర్టరుకు నీళ్ళు ఎవరు పోయాలి?

ఈ వారం వంటింట్లోంచి రెండడుగులు ఇవతలికి వచ్చి, హాల్లో ఓ మూల చక్రాల పెట్టెలో కూర్చుని ఉండే ఇన్వర్టరు సంగతి మాట్లాడుకుందాం. ‘అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే’ అని పేజీ తిప్పెయ్యకండి. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఎంత కట్టుకున్నానో ముందు చెప్తాను, వినండి.

పోయిన ఏడాది మే నెల. మావారు పనిమీద విజయవాడ వెళ్ళారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ ఉన్నాం. అత్తగారికి 78 ఏళ్ళు. ఆయాసం మనిషి. రాత్రిపూట ఊపిరాడకపోతే నెబ్యులైజరు పెట్టాలి. ఆ రోజు రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉందిగా అని ధీమాగా పడుకున్నాను. పావుగంట తిరక్కుండానే అది కుయ్ కుయ్ మని కూతపెట్టి ఠక్కున ఆగిపోయింది. ఆ ఉక్కపోతకి ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. మందు పోసి మాస్కు పెట్టానే గానీ మిషను నడవదు. ఏం చెయ్యను? నేనూ పిల్లాడూ చెరో భుజం పట్టుకుని, పక్కింటివాళ్ళ తలుపు కొట్టి, వాళ్ళ హాల్లో కూర్చోబెట్టి మందు పట్టించాం. తెల్లవారేదాకా ఆవిడ పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను.

పొద్దున్నే మెకానిక్కుని పిలిపించాను. అతను బ్యాటరీ మూత కూడా తియ్యలేదు. ఇన్వర్టరు బటను నొక్కి చూసి, “బ్యాటరీ పోయిందమ్మా. కొత్తది వేయించుకోండి. పాతది తీసుకుని పదిహేను వేలకి ఇప్పిస్తాను” అన్నాడు. “అసలేమయింది బాబూ?” అంటే, “మీకు చెప్పినా తెలీదు లెండి” అన్నాడు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మా మేడమీద వాటాలో ఉండే బాబాయిగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో ఎక్స్ఛేంజీలో ఒక గది నిండా బ్యాటరీలు ఉండేవట. ఊరంతా కరెంటు పోయినా ఫోన్లు పనిచేసింది వాటివల్లే. ఆయన కిందికి దిగివచ్చి, పెట్టె చుట్టూ ఓసారి చూసి, “అమ్మాయ్, మీ ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు మార్చావు?” అన్నారు. “పన్నెండో తారీఖునండీ” అన్నాను తడుముకోకుండా. “మరి దీంట్లో నీళ్ళు ఎప్పుడు పోశారు?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. మావారికి ఫోన్ చేస్తే, “నువ్వు పోయిస్తున్నావనుకున్నానే!” అన్నారు. నేనేమో ఆయన చూసుకుంటున్నారనుకున్నాను. గ్యారంటీ కార్డు తీసి చూస్తే గడువు దాటి నాలుగు నెలలయింది.

అదండీ జరిగింది. పాలు విరిగితే మనకి తెలుస్తుంది, కుక్కరు గాస్కెట్టు సాగితే తెలుస్తుంది. ఇన్వర్టరు మాత్రం ఇంట్లో ఎవరి పనీ కాకుండా పోయింది. “నా చేతులు వణుకుతున్నాయమ్మా, నేను చెప్తాను, నువ్వు చెయ్యి” అని బాబాయిగారు దగ్గరుండి చేయించారు. ఆ రోజు నేర్చుకున్నదే ఇప్పుడు మీకు వరసగా చెప్తున్నాను.

ముందు దాని స్వభావం

ఇందులో రెండు వస్తువులున్నాయి. పైన ఉండే పెట్టె ఇన్వర్టరు. కింద బరువుగా ఉండేది బ్యాటరీ. మేడమీద నీళ్ళ ట్యాంకు ఉంటుంది కదా, బ్యాటరీ అలాంటిది. కరెంటు ఉన్నప్పుడు పెట్టె మోటారులా దాన్ని నింపుతుంది. కరెంటు పోయినప్పుడు అందులోది తీసి ఇంటికి ఇస్తుంది. ఇళ్ళలో ఎక్కువగా వాడే బ్యాటరీలో సీసం పలకలు, నీళ్ళు కలిపిన గంధకామ్లం ఉంటాయి. ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కో గది సుమారు రెండు వోల్టులిస్తుంది. ఆరుగురూ కలిసి లాగే బండి అన్నమాట. ఒకరు కూలబడితే బండి ఆగుతుంది.

మొదటి పరీక్ష: కరెంటు అందుతోందా?

ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు ఇన్వర్టరు మీద మెయిన్స్ లైటు వెలగాలి, చార్జింగ్ గుర్తు కనబడాలి. లేకపోతే గాభరాపడకుండా ఆ ప్లగ్గు పాయింటులో సెల్‌ఫోన్ చార్జరు పెట్టి చూడండి. పాయింటే పోయి ఉండొచ్చు. పాయింటు బాగుంటే పెట్టె వెనకవైపు చూడండి. చిన్న ఫ్యూజుగానీ, నొక్కితే లోపలికి పోయే బటనుగానీ ఉంటుంది. బటను బైటికి పొడుచుకొస్తే ఒకసారి నొక్కండి. మళ్ళీ బైటికొస్తే ఇక నొక్కొద్దు, లోపల ఏదో దోషం ఉంది. ఫ్యూజు పోతే దాని మీద రాసి ఉన్న అంకె చూసి అచ్చంగా అదే తెప్పించండి. రాగి తీగ చుట్టి సరిపెడితే ఇల్లే అంటుకోవచ్చు.

ఇంకో విచిత్రం ఉంది. వీధంతా కరెంటు ఉన్నా కొన్ని ఇళ్ళలో ఇన్వర్టరు బ్యాటరీ మీదే నడుస్తుంటుంది. చాలా పెట్టెలకి వెనక యూపీఎస్ అనీ, ఇన్వర్టరు అనీ రెండువైపులా తిరిగే మీట ఒకటి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కంప్యూటరు ఆగకుండా వెంటనే అందుకుంటుంది గానీ, వోల్టేజీ సుమారు 180కి తగ్గితే చాలు, ఆ కరెంటుని ఒప్పుకోదు. వోల్టేజీ తక్కువగా ఉండే వీధుల్లో మీటని రెండోవైపు పెడితే ఆ గొడవ తీరుతుంది. మీ ఇంట్లో కంప్యూటరు లేకపోతే అదే మేలు.

రెండో పరీక్ష: బరువెక్కువైందా?

ఇన్వర్టరు కూతపెట్టి వెంటనే ఆగిపోతే దాని మోతకి మించి వేశామేమో చూసుకోవాలి. అన్ని స్విచ్చులూ ఆపేసి, ఇన్వర్టరుని ఆన్ చేసి, ఒక్కొక్కటీ వేసుకుంటూ వెళ్ళండి. ఎక్కడ కూత వస్తుందో అక్కడ దొంగ దొరికినట్టే. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బుకి 9 వాట్లు చాలు. మిక్సీకి 500 నుంచి 750 వాట్లు కావాలి. గీజరు, ఇండక్షన్ పొయ్యి వెయ్యికి పైమాటే.

మా ఇంట్లో వంటింటి పాయింటు కూడా ఇన్వర్టరు లైనుకే కలిపి ఉందని ఆ రోజే తెలిసింది. అంటే కరెంటు పోయినప్పుడల్లా కొబ్బరి పచ్చడి కోసం నేను దాని నడుం విరగ్గొట్టానన్నమాట! ఎలక్ట్రీషియనుతో ఆ పాయింటు విడదీయించాను.

లెక్క తెలుసుకుంటే మంచిది. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 150ని 12తో హెచ్చవేస్తే 1800. అందులో దారి ఖర్చు పోగా చేతికి వచ్చేది 1400 చిల్లర. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ కలిపి 360 వాట్లయితే, బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు నాలుగు గంటలు వస్తుంది. టీవీ కట్టేస్తే ఇంకో గంటన్నర దాకా వస్తుంది. ఈ లెక్క తెలిస్తే దుకాణంవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

మూడో పరీక్ష: వైర్ల దగ్గర తెల్లబూజు

మా బ్యాటరీకి ఇక్కడే దొరికింది మొదటి రోగం. వైర్లు బిగించే రెండు కొమ్ముల మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరినట్టు పేరుకుపోయి ఉంది. దాంతో కరెంటు అటు సరిగా ఎక్కదు, ఇటు సరిగా దిగదు. ఒక వైరు అయితే వదులుగా ఊగుతోంది కూడా.

దీన్ని శుభ్రం చేసేది మన వంటసోడాయే. కానీ దానికంటే ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి, వరస తప్పకండి. ఇన్వర్టరు ఆపి, గోడ స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసెయ్యండి. కిటికీలు తెరవండి. చేతికున్న గాజులు, ఉంగరాలు, వాచీ తీసెయ్యండి. మెడలో గొలుసు, సూత్రాలు జాకెట్టు లోపలికి వేసుకుని, పైన కొంగు గట్టిగా దోపుకోండి. వంగినప్పుడు లోహం వేలాడి రెండు కొమ్ములకీ తగిలిందంటే ఎర్రగా కాలి ఒళ్ళు కాలుస్తుంది. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి.

ఇప్పుడు నల్లవైరు ముందు విప్పాలి, ఎర్రది తరవాత. నీళ్ళ మూతలన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకుని, గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, పాత పళ్ళబ్రష్షుతో కొమ్ముల్ని రుద్దండి. బుసబుస పొంగుతుంది, భయం లేదు. సోడానీళ్ళు మాత్రం లోపలి గదుల్లోకి చుక్క కూడా పోకూడదు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, వైర్లు బిగించండి. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. చివర్లో చిన్న నిప్పురవ్వ రావచ్చు, అందుకే కిటికీలు ముందే తెరవమన్నాను. బిగించాక పైన కాస్త వాసెలిన్ రాస్తే మళ్ళీ బూజు త్వరగా పట్టదు.

నాలుగో పరీక్ష: నీళ్ళు

ఒక్కో గదికి ఒక్కో మూత, చాలావాటికి ఎరుపు, ఆకుపచ్చ గీతలున్న చిన్న తేలుడు పుల్ల ఉంటాయి. పుల్ల ఎరుపుకి దిగిపోతే నీళ్ళు తగ్గినట్టు. మా బ్యాటరీలో ఆరింటికి నాలుగు గదులు ఎర్రగీత కిందికి పోయాయి. చార్జింగ్ అయ్యేటప్పుడు నీళ్ళే హైడ్రోజను, ఆక్సిజను వాయువులుగా విడిపోయి బైటికి పోతాయి. ఎండాకాలంలో ఇంకా తొందరగా తగ్గుతాయి. పలకలు గాలికి తేలితే ఎండి పాడవుతాయి, ఆ భాగానికి మళ్ళీ బలం రాదు.

పొయ్యాల్సింది డిస్టిల్డ్ వాటరే. ఆర్వో నీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు, వాననీళ్ళు, ఏసీ కింద కారే నీళ్ళు పనికిరావు. వాటిలోని ఉప్పులు, మలినాలు పలకల్ని తినేస్తాయి. ఎవరైనా యాసిడ్ పోస్తానంటే వద్దనండి. ఎగిరిపోయేది నీళ్ళే గానీ యాసిడ్ కాదు. ప్లాస్టిక్ గరాటుతో ఒక్కో గదిలో ఆకుపచ్చ గీత దాకానే పొయ్యాలి. చట్టిలో పులుసులా అంచుదాకా నింపితే చార్జింగులో పొంగి యాసిడ్ నేలమీదికి వస్తుంది. పూర్తిగా చార్జి అయ్యాక పొయ్యడం మంచి పద్ధతి. పలకలు బైటికి కనిపించేంతగా ఎండిపోతే మాత్రం, ముందు పలకలు మునిగేలా కొద్దిగా పోసి, చార్జి చేసి, తరవాత గీత దాకా పొయ్యాలి. మేమూ అలాగే చేశాం.

ఇది మూతలు తెరిచే బ్యాటరీల మాట. సీలు వేసి వచ్చినవాటికి, లిథియం బ్యాటరీలకి నీళ్ళ పని లేదు. వాటిని తెరవాలని చూడకండి.

అయిదో పరీక్ష: ఒక రోజు ఓపిక

వైర్లు బిగించి, నీళ్ళు పోసి, రాత్రంతా చార్జి పెట్టాం. మర్నాడు బాబాయిగారు తన పాత హైడ్రోమీటరు తెచ్చారు. గాజు గొట్టంలో తేలే పుల్ల అది. బ్యాటరీ నీళ్ళు కాస్త పైకి పీల్చి చూస్తే గాఢత తెలుస్తుంది. మన ఇన్వర్టరు బ్యాటరీలకి నిండా చార్జి అయితే సుమారు 1240 చూపిస్తుంది. 1180 దగ్గరుంటే సగం నిండినట్టు. అంకెకంటే ఆరు గదుల మధ్య తేడా ముఖ్యమన్నారాయన. మాకు అయిదు గదులు 1220 పైన చూపించాయి, ఒక్కటి 1170 దగ్గర ఆగిపోయింది. “ఇదొక్కటే ముసలిదయింది. కొన్నాళ్ళు ఈడుస్తుంది, నమ్ముకోవద్దు” అన్నారు.

హైడ్రోమీటరు లేకపోతే మల్టీమీటరుతో చూడొచ్చు. నిండా చార్జి చేసి, ప్లగ్గు తీసి, ఏ బరువూ లేకుండా కొన్ని గంటలు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఆరోగ్యమే. ఎంత చార్జి చేసినా 10.5 దగ్గరే నిలిచిపోతే ఒక గది పూర్తిగా పోయినట్టు. అప్పుడు నీళ్ళు పోసినా, సోడా రుద్దినా లాభం లేదు, మార్చుకోవాల్సిందే.

మనం ఆగాల్సిన చోటు

ఎంతవరకు చెయ్యాలో తెలిసినట్టే ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. పైన ఉండే ఇన్వర్టరు పెట్టె మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కొన్ని భాగాల్లో కరెంటు నిలవ ఉంటుంది. మెయిన్ ఆపేసినా ఇన్వర్టరు లైనులో కరెంటు వస్తూనే ఉంటుంది, కాబట్టి బల్బు హోల్డరు విప్పాలన్నా ముందు ఇన్వర్టరు ఆపండి. బ్యాటరీ పక్కలు ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా గోడ స్విచ్చు ఆపి, తలుపులు తెరిచి, పిల్లల్ని దూరంగా పంపి మెకానిక్కుని పిలవండి.

బ్యాటరీనుంచి వచ్చే హైడ్రోజనుకి నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని దాన్ని పూజగదిలోగానీ, గ్యాసు పొయ్యి పక్కన గానీ, మూసిన అలమరలో గానీ పెట్టకూడదు. మా చుట్టాలింట్లో దాని మీద గుడ్డ పరిచి అగరొత్తుల స్టాండు పెట్టారు. చూసి నాకు గుండె ఆగినంత పనైంది!

యాసిడ్ చర్మం మీద పడితే ధారగా నీళ్ళు పోసి కడగండి. కంట్లో పడితే పావుగంటకి తక్కువ కాకుండా నీళ్ళతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. చీర సంగతికొస్తే, ఆ రోజు నాకేమీ కనిపించలేదు గానీ, ఉతికాక నూలు చీర కుచ్చిళ్ళలో జల్లెడలా చిల్లులు పడ్డాయి. ఈ పనికి పాత చీరే కట్టుకోండి.

ఖాళీగా వదలొద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు మేం అక్కడే ఉన్నాం. ఇన్వర్టరు ఆ రోజు ఉన్న నాలుగు గంటలూ ఇచ్చి పడుకుంది. కరెంటు మాత్రం ఎన్నో రోజుల దాకా రాలేదు. అన్ని రోజులు ఖాళీగా ఉండిపోయిన ఆ బ్యాటరీ తరవాత ఎంత చార్జి చేసినా గంటకి మించి రాలేదు. ఖాళీ అయిన బ్యాటరీని అలా వదిలేస్తే పలకల మీద గట్టి పొర కట్టేస్తుందని బాబాయిగారు చెప్తే ఇప్పుడు అర్థమైంది. తుపాను రాబోతోందని తెలిస్తే మొదటినుంచీ ఒక ఫ్యాను, ఒక లైటుతోనే సరిపెట్టుకుని, అది కూతపెట్టే లోపే ఆపెయ్యండి. ఊరు వెళ్ళేటప్పుడు కూడా నిండా చార్జి అయ్యాకే ఆపి వెళ్ళండి.

చివరికి ఏమయింది?

పోయిందన్న మా బ్యాటరీ ఆ రోజునుంచి రెండు గంటలు పైగా ఇచ్చింది. అలా తొమ్మిది నెలలు నడిచింది. తరవాత ఆ ముసలి గది నిజంగానే కూలబడింది, కొత్తది కొన్నాం. మెకానిక్కు చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ ఆ తొమ్మిది నెలలూ మాకు కలిసొచ్చాయి, ఆ వేసవిలో అప్పు చేసే అవసరం తప్పింది. గ్యారంటీ ఉన్న రోజుల్లోనే నీళ్ళు చూసుకుని ఉంటే ఆ గది సంగతి అప్పుడే బైటపడేది, బహుశా బ్యాటరీయే ఊరికే మార్చి ఇచ్చేవారు. ఆ బాధ మాత్రం ఉంది.

పాత బ్యాటరీని తూకానికి వచ్చినవాడికి ఇవ్వకండి. సీసం విషం. పిల్లలకి మరీ చెడ్డది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొన్న దుకాణంలోనే ఇస్తే ధరలో తగ్గిస్తారు కూడా.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండరులో గ్యాసు బండ తారీఖు కిందే ‘ఇన్వర్టరు నీళ్ళు’ అని రాస్తున్నాను. మామూలుగా మూడు నెలలకోసారి, ఎండాకాలంలో నెలకోసారి చూస్తాను. గ్యారంటీ కార్డూ, బిల్లూ రేషన్ కార్డున్న కవరులోనే ఉన్నాయి. నెలకోసారి కరెంటున్నప్పుడే ప్లగ్గు తీసి అరగంట నడిపి చూస్తాను. అవసరం వచ్చిన రాత్రి పరీక్షించడం కంటే అది నయం కదా! డాక్టరుగారిని అడిగి బ్యాటరీతో నడిచే చిన్న నెబ్యులైజరు కూడా తెప్పించాం. ప్రాణం మీదికొచ్చే వస్తువుని ఒక్క ఇన్వర్టరు మీద వదలకూడదని ఆ రాత్రే తెలిసింది.

మొన్న కొత్త బ్యాటరీ బిగించడానికి అదే మెకానిక్కు వచ్చాడు. “నల్లవైరు చివర బిగించు బాబూ” అన్నాను. తలెత్తి నాకేసి చూశాడు. మా అత్తగారు మంచం మీదనుంచే, “మా కోడలికి అన్నీ తెలుసులే” అన్నారు.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. పేజీ మూసి, మీ ఇన్వర్టరు దగ్గరికెళ్ళి పుల్లలు ఏ గీత దగ్గరున్నాయో చూసి రండి. ఏం కనిపించిందో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం కుక్కరు విజిలు రాకపోతే ఎక్కడెక్కడ చూడాలో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.